దాళ్వా (రబీ వరి) డబ్బుతో అప్పు తీర్చబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ధాన్యం డబ్బు ఖాతాలో పడగానే అప్పిచ్చినాయన ఇంటికి పరుగెత్తకండి. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ కూర్చుని లెక్క రాసుకోండి.

• బియ్యం, గ్యాస్, పిల్లల ఫీజు, సార్వా (ఖరీఫ్ వరి) నారుమడి ఖర్చు ముందే పక్కన పెట్టండి. అవి కూడా ఊడ్చి కట్టేస్తే జూన్‌లో మళ్లీ అదే గుమ్మం ఎక్కాలి.

• వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చండి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 50,000కి నెలకు 1,500 వడ్డీకే పోతుంది. డ్వాక్రా వాయిదా మాత్రం తప్పకండి, అందులో తోటి ఆడవాళ్ల పరువూ ఉంది.

• అన్నిటికన్నా ముఖ్యం ప్రోనోటు, అంటే అప్పు తీసుకున్నప్పుడు సంతకం పెట్టి ఇచ్చిన పత్రం. కొంతే కడితే నోటు వెనక తేదీ, కట్టిన సొమ్ము వేసి చెల్లు (ఇంత ముట్టిందన్న రాత) రాయించండి. నోటు మీద కోర్టుకెళ్లడానికి ఉన్న మూడేళ్ల గడువులోపు చెల్లు పడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క, అందుకే అంకెలు రెండుసార్లు చదివి సంతకం పెట్టండి. మొత్తం తీర్చిన రోజు నోటు, ఖాళీ చెక్కులు చేతికి రాకుండా లేవకండి. అప్పిచ్చినాయన "రేపిస్తాలే" అన్న మాట నమ్మి మా నాన్నగారు వచ్చేశారు. ఏడాది తిరక్కుండా అదే నోటు మీద లాయరు నోటీసు వచ్చింది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

• తాకట్టు నగ విడిపిస్తే అక్కడే తూకం వేయించండి.