ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు మెయిల్‌లో ఫిర్యాదు: అటాచ్‌మెంట్ల దగ్గర జాగ్రత్త

బ్యాంకు మీద ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారి) ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు. ‘మేం కదిలిస్తాం’ అంటూ డబ్బు అడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో వేయొచ్చు, లేదంటే నిర్ణీత ఫారం నింపి చండీగఢ్‌లోని ఆర్‌బీఐ ఫిర్యాదుల కేంద్రానికి మెయిల్ చేయొచ్చు. ఫారం నింపడంలో పెద్దగా చిక్కేమీ ఉండదు.

చిక్కంతా ఒక్క కాగితం దగ్గరే. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేశామని, వాళ్లు కాదన్నారనో, సరైన జవాబు ఇవ్వలేదనో, 30 రోజులైనా పలకలేదనో చూపించాలి. ఆ రుజువు లేకపోతే మీ బాధ ఎంత న్యాయమైనదైనా ఫిర్యాదు విచారణ దాకా వెళ్లదు.

చాలామంది దగ్గర రుజువు ఉంటుంది, మెయిల్‌తో పాటు వెళ్లదంతే. బ్యాంకు పంపిన మెయిల్ తెరిచి ‘రిప్లై’ నొక్కి, చిరునామా మార్చి ఆర్‌బీఐకి పంపేస్తారు. అవుట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాముల్లో, రిప్లైలో పాత అటాచ్‌మెంట్లు రావు. బ్యాంకు ఇచ్చిన జవాబు పీడీఎఫ్ అక్కడే రాలిపోతుంది. ఫార్వర్డ్ చేస్తే వస్తుంది. అంతకన్నా మేలు, ఆ మెయిల్‌ను ప్రింట్ కమాండ్‌లో ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ ఎంచుకుని సేవ్ చేయడం. పంపినవాళ్లు, తేదీ, ఫిర్యాదు నంబరు పేజీ మీద కనిపించాలి. అవుట్‌లుక్ నుంచి మెయిల్‌ను డెస్క్‌టాప్‌ మీదికి లాగితే వచ్చే ఎంఎస్‌జీ ఫైలు పంపకండి, అవుట్‌లుక్ లేనివాళ్లకు అది తేలిగ్గా తెరుచుకోదు.

ఇంకో మోసకారి చోటు ఉంది. ఎవరో మెయిల్‌లో పంపిన ఫారాన్ని అవుట్‌లుక్‌లోనే డబుల్ క్లిక్ చేసి నింపి సేవ్ కొడితే, అది తాత్కాలిక ఫోల్డర్‌లో పడుతుంది. తర్వాత ఆ మెయిల్‌నే ఫార్వర్డ్ చేస్తే ఖాళీ ఫారమే వెళ్తుంది. ముందు ‘సేవ్ యాజ్’తో డాక్యుమెంట్స్‌లో పెట్టుకుని, ఆ కాపీని నింపి, దాన్నే జతచేయండి.

వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) ఉన్న ఫైలును జతచేస్తే అవుట్‌లుక్ లింకు మాత్రమే పంపే వీలుంది. ఫైలు గుర్తు మీద చిన్న మబ్బు బొమ్మ ఉంటే అది లింకే. అవతలివాళ్లకు అనుమతి లేకపోతే అది తెరుచుకోదు కాబట్టి ‘అటాచ్ యాజ్ కాపీ’ ఎంచుకోండి. స్టేట్‌మెంట్‌కు పాస్‌వర్డ్ ఉంటే, తెరిచి మళ్లీ పీడీఎఫ్‌గా ప్రింట్ చేస్తే పాస్‌వర్డ్ లేని కాపీ వస్తుంది.

సైజు విషయానికొస్తే, మెయిల్‌లో వెళ్లేటప్పుడు ఫైలు దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ అంటే అసలు ఫైళ్లు 18 ఎంబీ లోపు ఉండాలన్నమాట. కాగితాలను స్కాన్ చేసేటప్పుడు 200 డీపీఐ (స్పష్టత కొలత), గ్రే రంగు చాలు. ఓటీపీ, పిన్, కార్డు వెనక సీవీవీ మాత్రం ఏ ఫైలులోనూ కనిపించకూడదు, ఎవరు అడిగినా సరే.

పంపాక ‘సెంట్’ ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ మెయిల్‌లోని ఒక్కో అటాచ్‌మెంట్ తెరిచి చూడండి. అవతలికి వెళ్లింది అదే. ఏదైనా సందేహముంటే ఆర్‌బీఐ హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.