క్రొయేషియా యుద్ధ సినిమాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు డాలిబోర్ మతానిచ్ తీసిన ‘జ్విజ్దాన్’ (2015) పెట్టండి. 1991, 2001, 2011లో మూడు ప్రేమకథలు. ప్రతి జంటలో ఒకరు క్రొయేషియన్, ఒకరు సెర్బ్; 1990ల యుద్ధంలో ఈ రెండు జాతులూ ఎదురెదురు. మూడింట్లోనూ తిహానా లజోవిచ్, గోరన్ మార్కోవిచే. పాత్రలు మాత్రం వేరు. ఇది తెలియక మిర్యాలగూడలో మా బావ, నేను ఫోన్ పట్టుకుని ఆగమాగం అయినం. “చచ్చినోడు మళ్లెట్ల వచ్చిండు బామ్మర్దీ?” అని బావ రెండుసార్లు వెనక్కి తిప్పించాడు. అయ్యో, సగం కథ చెప్పేశానా! రెండో కథలో యుద్ధంలో పాడైన ఇల్లు బాగుచేస్తుంటారు. అక్కడ మాటలకన్నా మౌనం చూడండి, సబ్‌టైటిల్స్ కాసేపు వదిలేసినా పర్లేదు.

మనసు బరువెక్కితే వింకో బ్రెషాన్ 1996 కామెడీ, ‘మా ద్వీపంలో యుద్ధం ఎలా మొదలైంది’. తుపాకుల మోత కావాలంటే క్రిస్టియాన్ మిలిచ్ ‘నంబర్ 55’ (2014). అది మాత్రం భోజనం చేస్తూ చూడకండి.