సమాచార హక్కు చట్టం: అమలుకు ముందే చేయవలసిన పనులు

వర్ధమాన దేశంలో సమాచార హక్కు చట్టాన్ని అమల్లోకి తెచ్చే బాధ్యత చేపట్టినవారు అన్నిటికంటే ముందు రికార్డుల గదిలోకి వెళ్లాలి. సూచిక లేని బీరువాల్లో కట్టలుగా పడి ఉన్న దస్త్రాల నుంచి అడిగిన కాగితాన్ని వెతికి తీయలేని ఉద్యోగికి ఎంత గడువు ఇచ్చినా ఫలితం ఉండదు. "రికార్డు లభ్యం కాలేదు" అనే జవాబు చట్టంలో లేని మినహాయింపుగా స్థిరపడిపోతుంది.

చట్టం ఆమోదం పొందిన నాటికీ దరఖాస్తులు స్వీకరించే నాటికీ మధ్య వ్యవధిని ఈ పనికే వాడాలి. మెక్సికో 2002లో చట్టం చేసి, దాదాపు ఏడాది తర్వాత దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది. అలాగని వ్యవధి మరీ సాగకూడదు: ఉగాండాలో 2005లోనే చట్టం వచ్చినా, దాని నిబంధనలు 2011లో గానీ రాలేదు.

ప్రతి శాఖా ఏ దస్త్రం ఎవరి అధీనంలో ఉందో, దాన్ని ఎన్నేళ్లు భద్రపరచాలో నమోదు చేయాలి. అన్నీ ఒకేసారి సాధ్యం కావు కనుక లబ్ధిదారుల జాబితాలు, పనుల బిల్లులు, నియామక పత్రాల వంటి జనం తప్పక అడిగేవాటితో మొదలుపెట్టి, వాటిని ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ఇంటర్నెట్ అందని చోట కార్యాలయం గోడ, రేడియో వెబ్‌సైట్ కంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

సమాచార అధికారిగా కింది స్థాయి గుమస్తాను నియమించి చేతులు దులుపుకోవడం తరచుగా జరిగేదే; పై అధికారి దగ్గరున్న దస్త్రాన్ని తెప్పించుకోగల హోదా ఆ స్థానానికి ఉండాలి. దరఖాస్తుకు తేదీతో రసీదు ఇవ్వాలి. ఎందుకు కావాలని అడగకూడదని, రాయలేనివారు నోటితో చెబితే రాతలో పెట్టడానికి సాయపడాలని భారతదేశపు 2005 చట్టం స్పష్టంగా చెప్పింది. పాత అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లో ఉంటే, రెండింటిలో ఏది చెల్లుతుందో లిఖితపూర్వకంగా తేల్చాలి. లేకుంటే జంకే ఉద్యోగి పాతదాన్నే పట్టుకుంటాడు.

సమాచారం ఇవ్వని అధికారులకు వేసే జరిమానాల గురించి జరిగినంత చర్చ, అప్పీళ్లు విని ఆ జరిమానా వేసే సమాచార కమిషన్‌లోని ఖాళీల గురించి జరగదు. భారతదేశంలో రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా విధించవచ్చు, కానీ కమిషనర్ల పదవులు భర్తీ కాకపోతే అప్పీళ్లు పేరుకుపోయి ఆ అధికారం కాగితానికే పరిమితమవుతుంది. పదవీకాలం ముగియకముందే కొత్త నియామకం మొదలవ్వాలని చట్టంలోనే రాయడం మేలు. ఇలాంటి పర్యవేక్షక సంస్థకు పేరు వచ్చినంత మాత్రాన రక్షణ వచ్చినట్టు కాదు. మెక్సికో సమాచార సంస్థ 2024 నాటి రాజ్యాంగ సవరణతో రద్దయింది. అందుచేత ప్రతి శాఖా ఎన్ని దరఖాస్తులు అందుకుందో, ఎన్నింటిని ఏ కారణంతో తిరస్కరించిందో తెలిపే వార్షిక నివేదిక ఆ శాఖ బడ్జెట్‌పై చర్చకు ముందే చట్టసభకు చేరే ఏర్పాటు చేయాలి.