బోటు ఇంజను కూలింగ్: ఉప్పునీటి వైపు నుంచి మొదలుపెట్టండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోటు కట్టేసి ఉండే ఆ 61 రోజుల్లోనే ఈ పని తెమల్చుకోవాలి. హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న డీజిల్ ఇంజనులో ఒకవైపు కూలెంట్ తిరుగుతుంది, ఇంకోవైపు దాన్ని చల్లార్చే సముద్రపు నీరు వచ్చి పోతుంటుంది. ఇంజను వేడెక్కితే ముందు అనుమానించాల్సింది ఈ రెండోదాన్నే.

సముద్రపు నీరు లోపలికొచ్చే వాల్వు (సీకాక్) మూసి, చెత్తను ఆపే జల్లెడ (స్ట్రైనర్) విప్పండి. నాచు, గుల్లలు, కవర్ ముక్కలు తీసేసి, మూత కింది రబ్బరు రింగు చూడండి. అది సరిగ్గా కూర్చోకపోతే పంపు నీటితోపాటు గాలి కూడా లాగుతుంది.

తర్వాత ఉప్పునీటి పంపు. దాని లోపల తిరుగుతూ నీటిని తోసే రెక్కల చక్రమే ఇంపెల్లర్. రబ్బరు ఇంపెల్లర్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకిలించకండి, పంపు బాడీ గీసుకుపోతుంది. రెక్కను వేలితో వంచి మొదలు దగ్గర చూడండి. సన్నని పగులు కనిపించినా మార్చాల్సిందే, బాగున్నా ఏడాదికోసారి మార్చడం మేలు. రెక్క విరిగి ఉంటే ముక్కలన్నీ దొరికేదాకా పంపు బిగించొద్దు. అవి కొట్టుకుపోయి ఎక్స్ఛేంజర్ మొదట్లో ఇరుక్కుంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గలేదంటే చాలాసార్లు కారణం అదే. కొత్తదానికి గ్రీజు కాకుండా గ్లిజరిన్ రాసి, రెక్కలు తిరిగే దిక్కుకి వెనక్కి వాలేలా తిప్పుతూ తోయండి.

పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి నీరు కారితే నీటి సీలు, ఆయిల్ కారితే ఆయిల్ సీలు పోయినట్టు. కారుతోందని ఆ రంధ్రాన్ని మూసేస్తే మాత్రం, గేరుతో తిరిగే పంపుల్లో ఉప్పునీరు నేరుగా ఇంజను ఆయిల్‌లోకే దిగొచ్చు.

ఎక్స్ఛేంజర్‌లో పెన్సిల్ జింకు (గొట్టాల బదులు తాను అరిగిపోయే జింకు కడ్డీ) సగం అరిగితే మార్చండి. దాని స్క్రూ మరలకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. లోహానికి లోహం తగలకపోతే జింకు పనిచేయదు, ఉప్పు గొట్టాలనే తింటుంది. గొట్టాల లోపల సన్నని చెక్కపుల్లతో శుభ్రం చేయాలి, ఇనుప ఊచ పెట్టకూడదు.

ఇక కూలెంట్. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తీయండి. ట్యాంకు ఒక్కటే వంపితే చాలదు, బ్లాకుకున్న డ్రైన్ ప్లగ్ కూడా తీయాలి. అక్కడ ఏమీ రాకపోతే తుప్పు బురద అడ్డుపడిందన్నమాట, తీగతో కదిలించండి. మంచినీటితో కడిగాక, 20 లీటర్లు పట్టే ఇంజనుకి 10 లీటర్ల కూలెంట్, 10 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. డబ్బా మీద ‘రెడీ మిక్స్’ అని ఉంటే నీళ్లు కలపొద్దు. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపడం కూడా ప్రమాదమే.

మన దగ్గర నీరు గడ్డకట్టదు కదా, ఉత్త నీళ్లు చాలవా అంటారు. చాలవు. తడి లైనర్లు (పిస్టన్ ఆడే, బయటివైపు కూలెంట్ తగిలే సిలిండర్ గొట్టాలు) పిస్టన్ దెబ్బకి అదురుతుంటే బయటివైపు బుడగలు పుట్టి పేలి, ఇనుములో సూదిమొనంత గుంటలు పడతాయి. కూలెంట్‌లోని రసాయనం అడ్డుకునేది దాన్నే. బోరు నీళ్లయితే పైగా సున్నం పేరుకుంటుంది.

లోపలి గాలి బయటికి పోయే స్క్రూ వదులు చేసి కూలెంట్ మెల్లగా నింపండి. ఇంజను వేడెక్కాక కూలెంట్‌కి దారి ఇచ్చే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లారాక మట్టం మళ్లీ చూడండి. బయట కారకుండా కూలెంట్ తగ్గుతుంటే ఎక్స్ఛేంజర్ గొట్టం, ఇంజను హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. ఆపి ఉంచిన ఇంజనులో మట్టం పెరిగితే ఉప్పునీరు చేరుతోంది. నాలుకతో రుచి చూడకండి, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ విషం. వంపిన పాత కూలెంట్‌ను కూడా బోటు అడుగున నీరు చేరే బిల్జ్‌లోకో జెట్టీ మీదకో వదలకుండా డబ్బాకెత్తి మూత బిగించండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి.