పేగుల్లో బ్యాక్టీరియాని బాగా చూసుకుంటూ పెద్దపేగు క్యాన్సర్ ముప్పు తగ్గించుకోవడం ఎలా?

ముందే చెప్పేస్తాను. గట్ హెల్త్ పేరుతో అమ్మే క్యాప్సూల్స్ గానీ, మలం శాంపిల్ పంపితే మీ బ్యాక్టీరియాకి ఇన్ని మార్కులు అని చెప్పే కిట్లు గానీ పెద్దపేగు క్యాన్సర్‌ని ఆపుతాయని ఇంతవరకు రుజువు కాలేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి. పేగుల్లో బ్యాక్టీరియాకీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం ఉన్న మాట మాత్రం నిజమే, అది రోజూ మనం ఏం తింటున్నాం, ఎంత కదులుతున్నాం అన్నదానితో ముడిపడి ఉంది.

మొదట పీచు సంగతి చూద్దాం, ఎందుకంటే మన చేతిలో ఎక్కువగా ఉన్నది ఇదే. పీచు మన కడుపులో అరగదు, నేరుగా పెద్దపేగు దాకా వెళ్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలో ఉండే కణాలకి ముఖ్యమైన ఇంధనం అదే, పైగా అది వాపుని అదుపులో ఉంచుతుంది. పీచు దొరక్కపోతే ఆ బ్యాక్టీరియా ఊరికే ఉండవు. పేగు గోడని కాపాడే జిగురు పొరనే తినడం మొదలుపెడతాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. 2015లో ఒక ప్రయోగం జరిగింది, నాకు చాలా ఆశ కలిగించింది అదే. అమెరికాలోని నల్లజాతివాళ్లు 20 మంది, దక్షిణాఫ్రికా పల్లెల్లోని వాళ్లు 20 మంది రెండు వారాల పాటు ఒకరి తిండి ఒకరు తిన్నారు. పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న దక్షిణాఫ్రికా పల్లె తిండికి మారిన అమెరికావాళ్లలో బ్యూటిరేట్ పెరిగింది, పేగు వాపు తగ్గింది. రెండో గుంపులో సరిగ్గా దీనికి ఉల్టా జరిగింది. అంత తక్కువ రోజుల్లో క్యాన్సర్ రావడమో పోవడమో జరగదు గానీ, పేగు లోపలి వాతావరణం ఇంత త్వరగా మారుతుందని తెలిశాక ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం అనుకోవాల్సిన పని లేదు.

రోజుకి కనీసం 30 గ్రాముల పీచు లక్ష్యంగా పెట్టుకోండి. ఉడికించిన పప్పు ఒక కప్పులో దాదాపు 15 గ్రాములు ఉంటుంది, తొక్కతో తిన్న ఆపిల్‌లో 4 గ్రాముల పైనే. పాలిష్ పట్టని ధాన్యాలు, చిక్కుడు జాతి గింజలు, కూరగాయలు, పళ్లు, నట్స్ మార్చి మార్చి తినండి, ఒక్కో రకం పీచు ఒక్కో రకం బ్యాక్టీరియాకి పనికొస్తుంది. పళ్లని జ్యూస్ చేసి వడకడితే పీచు దాదాపు పోయినట్టే. అలాగని ఇవాళ 10 గ్రాములు తినేవాళ్లు రేపే 30కి ఎగబాకొద్దు, కడుపుబ్బరం, గ్యాస్‌తో విసిగిపోయి నాలుగో రోజుకే మానేస్తారు. కొన్ని వారాల మీద మెల్లగా పెంచండి, నీళ్లు సరిపడా తాగండి. పేగు సన్నబడిన సమస్య, క్రోన్స్ వ్యాధి (పేగుల్లో ఏళ్ల తరబడి వాపు ఉండే జబ్బు) ఉన్నవాళ్లు, ఈమధ్యే కడుపు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడిగాకే పెంచాలి.

ఇక చెడ్డ బ్యాక్టీరియా. ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటం మామూలుగా నోట్లో ఉంటుంది, చిగుళ్ల జబ్బులో పెరుగుతుంది, అదే చాలామంది పెద్దపేగు కణితుల్లోనూ కనిపించింది. పళ్లు తోమితే క్యాన్సర్ రాదని ఎవరూ చెప్పలేరు, అయినా చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే వైద్యం చేయించుకోవడానికి వేరే కారణాలే చాలు. పేగుల్లో ఉండే ఈ.కొలి అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు కొలిబాక్టిన్ అనే విషాన్ని వదులుతాయి, అది నేరుగా డీఎన్ఏని దెబ్బతీస్తుంది. 11 దేశాలకి చెందిన 981 కణితులని పరిశీలించి 2025లో ప్రచురించిన పరిశోధనలో, 70 దాటాక ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లతో పోలిస్తే 40 లోపే వచ్చినవాళ్లలో ఈ విషం వదిలిన గుర్తులు 3.3 రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఆ దెబ్బ చిన్నతనంలోనే తగిలి ఉండొచ్చని ఆ పరిశోధకుల అంచనా. దీన్ని అడ్డుకునే మందు ఇంకా లేదు.

సాసేజ్, బేకన్, హామ్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుంది. ఈ అంకె చూసి బెదిరిపోకండి, జీవితకాలంలో వందలో ఐదుగురికి వచ్చే చోట అది దాదాపు ఆరుగురికి చేరుతుందని అర్థం. అయినా మానేయడం వల్ల పోయేదేమీ లేదు కదా. మేక, గొర్రె, పశువు, పంది మాంసం వండాక తూచి వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటకుండా చూసుకోండి. మద్యం, సిగరెట్ రెండూ ఈ ముప్పుని పెంచేవే. మద్యం విషయంలో కొంచెమైతే పర్లేదు అనే మాటకి ఆధారం లేదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. యాంటీబయాటిక్స్ డాక్టర్ రాసినప్పుడే వాడండి, జలుబుకి మీరే కొనుక్కుని వేసుకోవద్దు.

వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవండి, బరువు పెరగకుండా చూసుకోండి, ముఖ్యంగా నడుము చుట్టూ. క్యాన్సర్ వచ్చి ఆపరేషన్, కీమో అయిపోయినవాళ్లకి కూడా ఇది పనిచేస్తుంది. మూడేళ్లు పద్ధతిగా వ్యాయామం చేయించిన ఒక ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. ఎనిమిదేళ్ల తర్వాత వ్యాయామం చేసిన గుంపులో 90 శాతం మంది బతికి ఉన్నారు, అలా చేయించని రెండో గుంపులో 83 శాతం.

ఇవన్నీ చేసినా టెస్ట్ మానొద్దు, ఈ ఒక్కటీ మాత్రం దయచేసి వినండి. పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపెల్ని పాలిప్స్ అంటారు. వాటిలో క్యాన్సర్‌గా మారేవాటికి కూడా ఎక్కువగా ఏళ్లు పడుతుంది, ఆలోపు కొలనోస్కోపీలో, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షలో, తీసేస్తే ఆ ముప్పు అక్కడితో పోతుంది. అమెరికాలో 2021లో స్క్రీనింగ్ (లక్షణాలేవీ లేకపోయినా ముందుగా చేసే పరీక్ష) మొదలుపెట్టే వయసుని 50 నుంచి 45కి తగ్గించారు. అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా ఉంటే 40కే, లేదా వాళ్లకి బయటపడిన వయసుకి పదేళ్ల ముందే, ఏది ముందైతే అది. కొలనోస్కోపీ అంటే టెన్షన్ పడేవాళ్లు ఏటా మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ టెస్ట్ చేయించుకోవచ్చు. అది పాజిటివ్ వస్తే మళ్లీ ఫిట్ చేయించుకుని నెగెటివ్ వచ్చిందని ఊరుకోకూడదు, కొలనోస్కోపీకే వెళ్లాలి.

మలంలో రక్తం, కొన్ని వారాలుగా మారిపోయిన విరేచనం తీరు, కారణం లేకుండా తగ్గే బరువు, ఐరన్ తక్కువై వచ్చే రక్తహీనత కనిపిస్తే వయసు 30 అయినా సరే, స్క్రీనింగ్ వయసు రాలేదు కదా అని ఆగకండి. మొలలే అయి ఉంటాయని మీకు మీరే తేల్చుకోకుండా, ఎన్నాళ్ల నుంచి ఉందో, ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ ఉందేమో రాసి పెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి, పేగు లోపల చూడాల్సిన అవసరం ఉందా అని సూటిగా అడగండి.