వానల్లో పీఎస్‌పీకి హోమ్‌బ్రూ వేసే ముందు

చెన్నైలో అక్టోబర్ వచ్చిందంటే సెలవులూ ఈశాన్య రుతుపవనాలూ దాదాపు కలిసే వస్తాయి. పిల్లలు ఇంట్లో ఉంటారు, బయట వాన, అటక మీది పాత పీఎస్‌పీ (చేతిలో పట్టుకుని ఆడే సోనీ గేమ్ యంత్రం) కిందికి దిగుతుంది. లేదా రిచీ స్ట్రీట్‌లోనో బర్మా బజార్‌లోనో కొన్న సెకండ్ హ్యాండ్ పీస్ ఇంటికొస్తుంది. దానికి హోమ్‌బ్రూ, అంటే సోనీ కాక అభిమానులు రాసిన సాఫ్ట్‌వేర్, వేసుకుని ఎమ్యులేటర్లలో (పాత గేమ్ యంత్రాలను అనుకరించే ప్రోగ్రాముల్లో) చిన్నప్పటి ఆటలు ఆడుకోవడం నిజంగా మంచి పని. సోనీ ఎప్పుడో వదిలేసిన యంత్రం మళ్ళీ చేతిలో ఆడుతుంది. కాకపోతే ఈ నెలల్లో ఈ ఊళ్ళో కరెంటు పోతూ ఉండటమూ మామూలే.

అసలు ప్రమాదం ఎక్కడుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మెమరీ స్టిక్ (ఆటలు, సేవ్‌లు ఉండే కార్డు) మీద ఏం చేసినా పెద్ద నష్టం లేదు. పాడైతే ఫార్మాట్ చేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. యంత్రం లోపల సిస్టమ్ ఉండే ఫ్లాష్ మెమరీ సంగతి అలా కాదు. దాని మీద రాస్తున్న ఆ కాసేపట్లో పవర్ పోయిందా, సగం రాసిన సిస్టమ్‌తో పీఎస్‌పీ ఇక లేవదు. బ్రిక్ అవడం అంటే అదే. కాబట్టి ఫ్లాష్ జోలికి వెళ్ళకుండా అయ్యే పనిని అలాగే చేసుకోండి.

ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి వెర్షన్ చూడండి. సోనీ ఇచ్చిన చివరి ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే సిస్టమ్ సాఫ్ట్‌వేర్) 6.61. హోమ్‌బ్రూ నడవాలంటే అభిమానులు మార్చిన కస్టమ్ ఫర్మ్‌వేర్ కావాలి. ఇప్పుడు వాడే ఆర్క్-4 అలాంటిదే, అది 6.60 మీదా 6.61 మీదా నడుస్తుంది. అంటే మీ దగ్గర 6.60 ఉంటే అప్‌డేట్ చేయక్కర్లేదు, ఆ అప్‌డేట్ కూడా ఫ్లాష్ మీద రాయడమే కదా. ఆర్క్-4ని తాత్కాలిక పద్ధతిలో వాడితే దాని ఫైళ్ళు మెమరీ స్టిక్ మీదే ఉంటాయి. పూర్తిగా ఆఫ్ చేస్తే కస్టమ్ ఫర్మ్‌వేర్ పోతుంది, మళ్ళీ ఆన్ చేశాక లోడర్ ఐకాన్ నొక్కితే వస్తుంది. ఇక్కడ చాలామంది తికమక పడతారు. పవర్ స్విచ్‌ను ఒకసారి పైకి జరిపి వదిలితే అది నిద్ర మాత్రమే, లోడ్ అయింది అలాగే ఉంటుంది. కొన్ని సెకన్లు పైకి పట్టుకుంటేనే పూర్తిగా ఆఫ్. రోజూ పావుగంట ఆడేవాళ్ళకు నిద్ర సరిపోతుంది. అందుకే శాశ్వతంగా ఫ్లాష్ చేసుకోవాల్సిన అవసరం చాలామందికి లేదనే నేను గట్టిగా చెబుతాను.

అయినా శాశ్వత పద్ధతే కావాలంటే, మోడల్ తెలియకుండా ముందుకు వెళ్ళకండి. లావుగా, బరువుగా ఉంటే 1000. సన్నగా ఉండి కింద బటన్ మీద హోమ్ అని రాసి ఉంటే 2000. ఆ చోట పీఎస్ గుర్తు ఉండి, లోపలే మైక్ ఉంటే 3000. పాత వీడియోల్లో చూపించే పద్ధతులు చాలావరకు 1000కీ తొలి 2000లకీ చెప్పినవి. బ్రిక్ అయినదాన్ని పాండోరా బ్యాటరీతో (యంత్రాన్ని సర్వీస్ మోడ్‌లో లేపేలా మార్చిన బ్యాటరీతో) లేపొచ్చని వాటిలో ధైర్యం చెబుతారు. మామూలు పాండోరా 3000 మీద పనిచేయదు. ఇంకో మోడల్‌కి రాసిన ఫ్లాషర్‌ని (ఫ్లాష్ మీద రాసే ప్రోగ్రామ్‌ని) మీ దాని మీద నడపకండి.

ఇప్పుడు బ్యాటరీ. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఈ మూడు మోడళ్ళ బ్యాటరీలూ 3.6 వోల్టుల లిథియం-అయాన్ రకం, వాటికి వయసు మీద పడింది. కొనేటప్పుడు షాపులోనే వెనక మూత తీయించి బ్యాటరీ బయటకు తీయండి. కౌంటర్ గాజు మీద పడుకోబెట్టి ఒక మూల వేలితో తోయండి. బాగున్నది కాస్త జరిగి ఆగిపోతుంది. ఉబ్బింది మధ్యలో ఆనుకుని బొంగరంలా తిరుగుతుంది. తిరిగిందంటే ఆ బ్యాటరీ వద్దని చెప్పేయండి. "ఏం కాదు సార్, మూత పడుతోందిగా" అంటారు. మూత పడటం వేరు, లోపల గ్యాస్ చేరడం వేరు. ఉబ్బినదాన్ని నొక్కకండి, గుచ్చకండి, చార్జ్ పెట్టకండి. ఇంట్లో చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి. కొత్తగా కొనే డూప్లికేట్ బ్యాటరీల మీద వేసిన ఎంఏహెచ్ (సామర్థ్యం) అంకెల్ని కూడా నమ్మొద్దు. 1000 మోడల్‌తో సోనీ ఇచ్చింది 1800, సన్న మోడళ్ళతో ఇచ్చింది 1200. అదే సైజులో రెండు మూడింతలు రాసి ఉంటే అనుమానించాల్సిందే.

బ్యాటరీ తీసేసి చార్జర్ మీదే ఆడేవాళ్ళున్నారు. ఆట వరకు ఫర్వాలేదు. ఫ్లాష్ మీద రాసేటప్పుడు మాత్రం అలా చేయనే చేయకండి. కరెంటు పోయిన క్షణంలో ఆదుకునేది ఆ బ్యాటరీయే. ముప్పావు వంతుకు పైగా చార్జ్ ఉండాలి, చార్జర్ కూడా పెట్టి ఉండాలి, రెండూ ఉంటేనే మొదలుపెట్టండి. చార్జర్ 5 వోల్టులది. పసుపు పిన్ను దూరింది కదా అని వేరే వోల్టేజీ అడాప్టర్ పెట్టేయకండి. ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ళు మెయింటెనెన్స్ కోసం పగలు కరెంటు తీసే రోజులు ముందే పేపర్లో వేస్తారు, చూసుకోండి. ఉరుములు వినిపిస్తుంటే ఆ సాయంత్రానికి పని ఆపండి, రేపు చేసుకుంటే పోయేదేం లేదు.

బజారులో దొరికే మెమరీ స్టిక్‌లలో నకిలీలు చాలా ఉన్నాయి. 64 జీబీ అని చూపిస్తాయి, లోపల ఉన్నది 8 ఉండొచ్చు. నిండేదాకా తెలియదు, నిండాక సేవ్‌లు మాయమవుతాయి. మంచి మైక్రో ఎస్‌డీ కార్డు, దానికి మెమరీ స్టిక్ అడాప్టర్ కొనుక్కోవడమే మేలు. ముందు కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో కార్డంతా రాయించి, చదివించి చూడండి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. తర్వాత పీఎస్‌పీలోనే ఫార్మాట్ చేస్తే కావాల్సిన ఫోల్డర్లు అదే పెడుతుంది. పాత కార్డులో పీఎస్‌పీ ఫోల్డర్ కింద సేవ్‌డేటా ఉంటుంది, ఫార్మాట్‌కు ముందే దాన్ని కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. నారింజ రంగు లైట్ మినుకుమంటుంటే కార్డు లాగొద్దు, నిద్రపుచ్చనూ వద్దు.

కస్టమ్ ఫర్మ్‌వేర్ నడిచాక చేయాల్సిన మొదటి పని ఫ్లాష్ మెమరీ కాపీ తీసి దాచుకోవడం. అందులోని ఐడీస్టోరేజ్ భాగంలో ఆ ఒక్క యంత్రానికే చెందిన తాళాలుంటాయి. అది పోతే పక్కింటి పీఎస్‌పీ నుంచి తెచ్చి పెట్టలేరు.

ఫైళ్ళు తయారుచేసినవాళ్ళ పేజీ నుంచే తీసుకోండి. 2005లోనే, ఫర్మ్‌వేర్ 2.0ను పాత వెర్షన్‌కి దించే టూల్ అని చెప్పుకుని ఒక ట్రోజన్ (మంచిదానిలా నటించే హానికర ప్రోగ్రామ్) తిరిగింది. నడిపినవాళ్ళ సిస్టమ్ ఫైళ్ళు తుడిచేసి యంత్రాన్ని బ్రిక్ చేసింది. వాట్సాప్‌లో వచ్చిన జిప్ ఫైలుకు అంతకన్నా గ్యారంటీ ఏముంది?

ఎమ్యులేటర్ల దగ్గర ఆశ కాస్త అదుపులో పెట్టుకోవాలి. జీబీఏ (గేమ్ బాయ్ అడ్వాన్స్) ఆటలకు జీపీఎస్‌పీ అనే ఎమ్యులేటర్ చక్కగా నడుస్తుంది. పీఎస్1 (మొదటి ప్లేస్టేషన్) ఆటలకు సోనీ సొంత ఎమ్యులేటరే ఫర్మ్‌వేర్‌లో ఉంది. నింటెండో 64 మాత్రం డీడలస్ ఎమ్యులేటర్‌లో చాలా ఆటలకు ఆయాసపడుతుంది. ప్రాసెసర్ క్లాక్‌ను 333 మెగాహెర్ట్జ్ దాటించే ప్రయత్నాలు చేయకండి. 1000లో ర్యామ్ 32 ఎంబీయే, తర్వాతి వాటిలో 64, అందుకే మిత్రుడి దాంట్లో ఆడింది మీ దాంట్లో ఆడకపోవచ్చు. సేవ్ స్టేట్ (ఆటను ఉన్నచోటే ఎమ్యులేటర్ భద్రపరిచేది) ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఎమ్యులేటర్ వెర్షన్ మారితే అది తెరుచుకోకపోవచ్చు. ఆట లోపలి సేవ్ కూడా చేస్తూ ఉండండి.

కార్డు నిండా ఆటలు నింపి ఇస్తామనే షాపుల జోలికి వెళ్ళకండి. హోమ్‌బ్రూ తప్పు కాదు, కొనని ఆటల కాపీలు తప్పు. మన కాపీరైట్ చట్టం 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాలు ఛేదిస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. మీరు కొన్న యూఎండీ (పీఎస్‌పీ ఆట డిస్కు) మీ దగ్గరుంటే, కొన్ని కస్టమ్ ఫర్మ్‌వేర్‌లలో సెలెక్ట్ నొక్కితే వచ్చే మెనూలో యూఎస్‌బీకి యూఎండీని ఎంచుకుని కంప్యూటర్లోకి కాపీ తీసుకోవచ్చు. డిస్కు తిప్పే మోటారుకూ శ్రమ తగ్గుతుంది.

ఏదో ప్లగిన్ (కస్టమ్ ఫర్మ్‌వేర్‌కు అదనపు పని నేర్పే చిన్న ఫైలు) వేశాక తెర నల్లగా ఉండిపోతే కంగారు పడకండి. పూర్తిగా ఆఫ్ చేసి, మెమరీ స్టిక్ తీసి ఆన్ చేయండి. ప్లగిన్ కార్డులోనే ఉంటే అది లేకుండా మామూలుగా లేస్తుంది. అప్పుడు కంప్యూటర్లో ఆ ప్లగిన్ తీసేయండి. శాశ్వత పద్ధతిలో వేసినవాళ్ళు ఆర్ బటన్ పట్టుకుని ఆన్ చేస్తే రికవరీ మెనూ వస్తుంది, అక్కడ ప్లగిన్‌లు ఆపొచ్చు.