కిటికీ వెలుగు, నల్ల గుడ్డ: ఇంట్లో ఉన్నవాటితో పూలను ఫొటో తీయడం ఎలా?

నందివర్ధనం పువ్వును ఎప్పుడైనా ఫొటో తీసి ఉంటే ఈ బాధ మీకు తెలిసే ఉంటుంది. కంటికి రేకు రేకూ విడిగా కనిపించిన పువ్వు ఫొటోలో తెల్లటి మచ్చలా మిగులుతుంది. వెనకున్న గోడ, పైపు, బకెట్ మాత్రం చక్కగా కనిపిస్తాయి. నేను చాలాకాలం తప్పు కెమెరాదే అనుకున్నాను. తీరా చూస్తే విషయం వేరు. పువ్వు మీద ఎంత వెలుగు పడుతోంది, దాని వెనక ఎంత పడుతోంది అన్నదే అసలు లెక్క. ఆ రెండింటినీ విడదీయడం వస్తే మామూలు ఫోన్ చాలు.

సిద్ధం చేసుకోవాల్సినవి: ఎండ నేరుగా పడని కిటికీ, నల్ల గుడ్డ, తెల్ల అట్ట ముక్క, రెండు మూడు రంగుల చార్టులు, బట్టల క్లిప్పులు. ట్రైపాడ్ లేకపోతే ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించి పెట్టి, 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి.

1. గదిలో లైట్లన్నీ ఆపండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ చాలా ఫొటోలు పాడయ్యేది ఇక్కడే. బల్బు వెలుగు పసుపు, కిటికీ వెలుగు దానికంటే నీలం. రెండూ కలిస్తే ఒకే రేకు ఒకవైపు పసుపుగా, ఇంకోవైపు నీలంగా వస్తుంది. ఆ తర్వాత ఎంత ఎడిటింగ్ చేసినా అది సరిగ్గా కుదరదు. ఫోన్ ఫ్లాష్ కూడా వద్దు. అది ఎదురుగా పడి రేకుల మడతలన్నీ చదును చేసేస్తుంది.

2. పువ్వుకు పక్క నుంచి వెలుగు రానివ్వండి

పువ్వును చిన్న సీసాలో పెట్టి కిటికీకి అడుగున్నర దూరంలో ఉంచండి. కిటికీ మీ వీపు వెనక కాకుండా పువ్వుకు ఒక పక్కన ఉండాలి. పక్క నుంచి వచ్చే వెలుగులోనే రేకు మీది గీతలు, నూగు తెలుస్తాయి. ఎండ నేరుగా పడుతుంటే పలుచటి తెల్ల కర్టెన్ గానీ, ట్రేసింగ్ పేపర్ గానీ అడ్డం పెట్టండి.

ఇప్పుడు రెండో వైపు నీడ ఉంటుంది. అక్కడ తెల్ల అట్టను నిలబెట్టి మెల్లగా పువ్వు దగ్గరకు జరుపుతూ చూడండి. చామంతి అయితే ఇది బాగా తెలుస్తుంది. అట్ట జానెడు దూరానికి వచ్చేసరికి అప్పటిదాకా నల్లగా ఉన్న లోపలి రేకుల వరస ఒక్కొక్కటిగా బయటపడుతుంది. ఇంకా దగ్గరకు తెస్తే నీడ పూర్తిగా పోయి పువ్వు కాగితంతో చేసినట్టు కనిపిస్తుంది. నీడ కొంచెం మిగిలినప్పుడే ఆగాలి. నా మటుకు నాకు, ఖరీదైన లైట్ల కంటే ఈ అట్ట ముక్కే ఎక్కువ నేర్పింది.

3. బ్యాక్‌గ్రౌండ్‌ను దూరం జరపండి

చాలామంది గుడ్డను పువ్వుకు ఆనించినట్టే కడతారు. అప్పుడు పువ్వు నీడ గుడ్డ మీద పడుతుంది, గుడ్డ నేత, ముడతలు కూడా కనిపిస్తాయి. దాన్ని నాలుగైదు అడుగులు వెనక్కి, వీలైతే గదిలో చీకటిగా ఉండే వైపుకి జరపండి. చిన్న దీపం విషయంలో దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కిటికీ పెద్దది కాబట్టి లెక్క అంత కచ్చితంగా ఉండదు గానీ, వెలుగు తగ్గడం మాత్రం ఖాయం. పువ్వు వెలుగులో ఉంటుంది, గుడ్డ చీకట్లో కలిసిపోతుంది. నలుపుకు వెల్వెట్‌ను మించింది లేదు. మెరిసే గుడ్డ వెలుగును తిప్పికొట్టి బూడిద రంగులో వస్తుంది.

రంగు చార్టులు వాడితే మెరుపు లేనివే తీసుకోండి. పువ్వు కంటే కాస్త ముదురుగా, డల్‌గా ఉండే రంగు మేలు. ఎర్ర పువ్వుకు ముదురు ఆకుపచ్చ ఎప్పుడూ నప్పుతుంది. ఇంకో మంచి ఉపాయం ఉంది. చెట్ల ఆకులను కావాలనే ఫోకస్ తప్పించి ఫొటో తీసి, మెరుపు లేని కాగితం మీద పెద్దగా ప్రింట్ చేయించి వెనక పెట్టండి. తోటలో తీసినట్టే ఉంటుంది.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కావాలంటే పద్ధతి తిరగబడుతుంది. కిటికీ అద్దానికి ట్రేసింగ్ పేపర్ అంటించి, పువ్వును దాని ముందు పెట్టండి. వెలుగు వెనక నుంచి వస్తుంది కాబట్టి మందారం లాంటి పలుచటి రేకుల్లో ఈనెలు కూడా కనిపిస్తాయి. మందారం సాధారణంగా ఒక్కరోజు పువ్వు, కాబట్టి ఉదయమే ఈ పని పెట్టుకోండి.

4. వెలుగును మీరే సరిచేయండి

కెమెరా దేన్ని చూసినా మధ్యస్థమైన బూడిద వెలుగుకు తేవాలని చూస్తుంది. వెనక నల్లగా ఉంటే మొత్తం ఫొటోను వెలిగించేస్తుంది, తెల్ల పువ్వు రేకులేవీ తెలియని తెల్లటి మచ్చలా వస్తుంది. మొదట చెప్పిన నందివర్ధనం కథ ఇదే. ఫోన్ తెర మీద పువ్వును తాకి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. వెనక తెల్లగా ఉంటే పైకి లాగాలి. ఎర్ర పూలకు మాత్రం ఎప్పుడూ కొంచెం తగ్గించే తీయండి, లేకపోతే ఎరుపంతా ముద్దగా కలిసిపోతుంది.

ఫోకస్ పుప్పొడి ఉన్న చోట గానీ, మీకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న రేకు అంచు మీద గానీ ఉండాలి. మరీ దగ్గరకు వెళ్లకుండా ఒక అడుగు వెనక్కి వచ్చి 2 రెట్ల జూమ్ వాడండి. వెనకున్నదాన్ని ఫోనే మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ సన్నటి రేకుల అంచులను తినేస్తుంది, పూలకు అది వద్దు.

5. బయట తీసేటప్పుడు

మబ్బు పట్టిన రోజే మంచి రోజు. ఎండగా ఉంటే తెల్ల గొడుగు అడ్డం పట్టండి, లేదా మీ నీడే పువ్వు మీద పడేలా నిలబడండి. పువ్వు చుట్టూ ఒకసారి తిరిగి, దాని వెనక దూరంగా ఏదైనా నీడ ప్రాంతం ఉన్న కోణాన్ని వెతకండి. రెండడుగులు పక్కకు జరిగితే చాలు, వెనకున్న గోడ పోయి చీకటి పొద వస్తుంది. నొక్కే ముందు తెర నాలుగు మూలలూ చూడండి. ఎండుటాకు ఒక్కటి మూలన ఉన్నా కన్ను అక్కడికే పోతుంది.

గాలికి పువ్వు ఊగుతుంటే పక్కన సన్నటి పుల్ల గుచ్చి, కాడను క్లిప్పుతో దానికి వదులుగా పట్టించండి. బిగిస్తే లేత కాడ నలిగిపోతుంది. ఫొటో అయిపోగానే ముందు క్లిప్పు తీసి, తర్వాతే ఫొటో ఎలా వచ్చిందో చూసుకోండి.